పానెల్‌లో పచ్చ టిక్ ఉంది, యాత్రికుల ఫోన్లలో మాత్రం సైట్ సేఫ్ కాదంటోంది. సాయం కావాలి (తిరుపతి)

అలిపిరి మెట్లు | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. తిరుపతిలో లాడ్జీలకు, ట్రావెల్స్ వాళ్ళకు, చిన్న హోటళ్ళకు వెబ్‌సైట్లు చేసి, హోస్టింగ్ కూడా నేనే చూసుకుంటాను. ఈ మధ్యే అన్ని సైట్లనూ పాత రీసెల్లర్ ప్లాన్ నుంచి ఒక వీపీఎస్‌కు (అద్దెకు తీసుకున్న సొంత వర్చువల్ సర్వర్) మార్చాను. కంట్రోల్ పానెల్ (సర్వర్‌ను బ్రౌజర్‌లోంచి నడిపే సాఫ్ట్‌వేర్)లోని మైగ్రేషన్ టూల్‌తోనే మార్చాను. ఫైళ్ళు, డేటాబేస్‌లు, మెయిళ్ళు, సర్టిఫికెట్లు అన్నీ వచ్చాయి.

ఒక్క సైట్ మాత్రం ప్రాణం తీస్తోంది. గోవిందరాజస్వామి గుడి దగ్గరి లాడ్జీది. మా ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్‌లో చక్కగా వస్తోంది, తాళం గుర్తు ఉంది. పానెల్‌లో ఎస్ఎస్ఎల్ (సైట్ భద్రత సర్టిఫికెట్ల) పేజీ తెరిస్తే డొమైన్ పక్కన పచ్చ టిక్. లాడ్జీ ఓనర్ ఫోన్‌లో మాత్రం "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని ఎర్ర హెచ్చరిక. ఆయన ఒక్కరికే కాదు, గది కోసం ఫోన్ చేసేవాళ్ళు చాలామంది ఇదే చెబుతున్నారు. పైగా పానెల్ నుంచి "సర్టిఫికెట్ రెన్యూవల్ ఫెయిల్ అయింది" అని మెయిల్ వస్తోంది. ఎందుకు ఫెయిల్ అయిందో ఒక్క ముక్క లేదు.

బ్రహ్మోత్సవాలు దగ్గర పడ్డాయి. దర్శనం టికెట్లు, గదుల పేరుతో నకిలీ సైట్లు తిరుగుతున్నాయని టీటీడీ ఎన్నోసార్లు హెచ్చరించింది. జనం భయపడుతున్నారు, భయపడాలి కూడా. ఈ పరిస్థితిలో నిజాయతీగా వ్యాపారం చేసుకునే లాడ్జీ సైట్ మీద ఎర్ర బోర్డు కనిపిస్తే ఎవరు బుక్ చేస్తారు? ఓనర్ పెద్దాయన, గట్టిగా అనడు. "ఏం నాయనా, సరి కాలేదా ఇంకా" అంటాడు. అదే ఎక్కువ టెన్షన్.

పానెల్ పేరు రాయడం లేదు. తప్పు దానిదో కాదో నాకింకా తెలియదు.

కట్టమంచి నెట్ | సోమవారం, రాత్రి 9:31

అన్నా, బ్రౌజర్ కాష్ క్లియర్ చేయించావా? ఫోన్లో తేదీ, టైమ్ తప్పుగా ఉన్నా ఈ ఎర్రర్ వస్తుంది. లేదంటే పబ్లిక్ ఫోల్డర్‌కు 777 పర్మిషన్ ఇచ్చి మళ్ళీ రెన్యూ చేసి చూడు. సర్టిఫికెట్ కోసం పానెల్ అక్కడే ఒక ఫైలు రాస్తుంది కదా.

రేణిగుంట జంక్షన్ | సోమవారం, రాత్రి 9:48

777 మాత్రం వద్దు తమ్ముడూ, ఎవరికీ చెప్పొద్దు. సర్వర్‌లో ఉన్న ఏ యూజరైనా ఆ ఫోల్డర్‌లో రాయగలడు అని దానర్థం. చాలా పానెళ్ళలో పీహెచ్‌పీ ఎవరి యూజర్ పేరు మీద వాళ్ళకే నడుస్తుంది. అలాంటి కొన్ని చోట్ల 777 పెడితే సైట్ తెరుచుకోవడం మానేసి 500 ఎర్రర్ ఇస్తుంది. ఫోల్డర్‌కు 755, ఫైలుకు 644 చాలు.

అలిపిరి అన్నా, రెన్యూవల్ ఫెయిల్ కావడానికి నాకు తెలిసిన కారణాలు ఇవి. ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు, ఇచ్చే ముందు మన సైట్‌కు 80వ పోర్టులో వచ్చి, చెప్పిన ఫైలు ఉందో లేదో చూస్తారు. ఆ పోర్టు మూసేసి ఉంటే ఫెయిల్. చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లను హెచ్‌టీయాక్సెస్‌లో (సైట్ నియమాలుండే ఫైలు) ఆపేసి ఉంటే ఫెయిల్. ఇంకొకటి, హ్యాకింగ్ భయంతో ఫైర్‌వాల్‌లో ఇండియా తప్ప మిగతా దేశాలన్నీ బ్లాక్ చేసేవాళ్ళున్నారు. 2020 నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఒక్క చోటి నుంచి కాకుండా వేర్వేరు చోట్ల నుంచి వచ్చి చూస్తోంది. దేశాలను బ్లాక్ చేస్తే దానికి తలుపు మూసేసినట్టే.

అలిపిరి మెట్లు | సోమవారం, రాత్రి 10:05

80 తెరిచే ఉంది. దేశాల బ్లాక్ లేదు. హెచ్‌టీయాక్సెస్ పేరు మార్చి చూశాను, తేడా లేదు. అదే సర్వర్‌లో మిగతా సైట్లు చాలావరకు ఇబ్బంది లేకుండా రెన్యూ అవుతున్నాయి. హోస్టింగ్ కంపెనీకి టికెట్ వేస్తే "సర్వర్ మా వైపు నుంచి బాగానే ఉంది, పానెల్ మీ బాధ్యత" అన్నారు. పానెల్ వాళ్ళను అడిగితే "ఉచిత వెర్షన్‌కు సపోర్ట్ లేదు" అన్నారు. వాళ్ళిద్దరి మధ్య నేను నలిగిపోతున్నాను.

తిలక్ రోడ్ వెబ్ | సోమవారం, రాత్రి 10:20

పానెల్ మొత్తం తీసేసి కొత్తగా ఇన్‌స్టాల్ చేయడమే మేలు. నాకైతే ఆటో ఎస్ఎస్ఎల్ ఎప్పుడు మొండికేసినా అదే చేస్తాను.

మంగాపురం సర్వర్లు | సోమవారం, రాత్రి 10:41

దయచేసి రీఇన్‌స్టాల్ జోలికి వెళ్ళొద్దు. మిగతా సైట్లు నడుస్తున్నాయంటే పానెల్ బాగానే ఉంది. దాన్ని తీసేస్తే వాటన్నిటికీ ఇబ్బంది, ఈ ఒక్క డొమైన్ సమస్య మాత్రం అలాగే ఉంటుంది. రెన్యూ బటన్ కూడా మళ్ళీ మళ్ళీ నొక్కకండి. ఒకే పేరుకు గంటలో ఐదుసార్లు పరీక్ష ఫెయిల్ అయితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ కాసేపు ఆ పేరును తీసుకోదు. అప్పుడు అసలు ఎర్రర్ పోయి లిమిట్ ఎర్రర్ కనిపిస్తుంది, ఇంకా గందరగోళం.

మీ పోస్టులో నాకు ముఖ్యంగా కనిపించింది ఒకటే. ఆఫీసు బ్రాడ్‌బ్యాండ్‌లో బాగుంది, ఫోన్లలో బాగాలేదు. ఆ ఫోన్లలో ఉన్నది ఏ సిమ్? వైఫై ఆపి మొబైల్ డేటాతో మీరే చూశారా? హెచ్చరికను దాటి లోపలికి వెళితే ఏ పేజీ వస్తోంది?

పచ్చ టిక్ సంగతి కూడా చెబుతాను. ఆ టిక్‌కు అర్థం, సర్వర్‌లో గడువు తీరని సర్టిఫికెట్ ఫైలు ఒకటి ఉందని మాత్రమే. మైగ్రేషన్‌లో పాత సర్టిఫికెట్ కాపీ అయి వచ్చింది, దాని 90 రోజులు ఇంకా పూర్తి కాలేదు. బయట యాత్రికుడికి ఏం కనిపిస్తోందో పానెల్ చూడదు. ఎస్‌ఎస్‌హెచ్‌లో (కమాండ్లతో సర్వర్‌లోకి వెళ్ళే దారి) లాగిన్ అయి ఆక్మే లాగ్ (సర్టిఫికెట్ రెన్యూవల్ వివరాలు రాసే ఫైలు) తెరవండి. అందులో ఎర్రర్ లైను మొదట్లో ఒక ఐపీ అడ్రస్ ఉంటుంది. ఆ లైను డొమైన్ పేరు తీసేసి ఇక్కడ పెట్టండి.

అలిపిరి మెట్లు | మంగళవారం, ఉదయం 7:15

అక్కా, ఓనర్‌ది జియో. నా ఫోన్ వైఫై ఆపి మా తమ్ముడి జియో సిమ్‌తో చూస్తే నాకూ ఎర్ర పేజీ వచ్చింది! దాటి వెళితే లాడ్జీ సైట్ కాదు, పాత హోస్టింగ్ వాళ్ళ ఖాళీ పేజీ. డీఎన్ఎస్ (డొమైన్ పేరు ఏ సర్వర్‌దో చెప్పే రికార్డులు) అంతా కొత్త ఐపీకే మార్చి ఇన్నాళ్ళయింది, ఇంకా పాత సర్వర్‌కు ఎలా వెళుతోంది?

లాగ్ దొరికింది. "చెల్లని జవాబు, 404" అని ఉంది. ముందున్న అడ్రస్ మామూలు నాలుగు సంఖ్యల ఐపీలా లేదు. అక్షరాలు, అంకెలు, మధ్యలో కోలన్లతో పొడవుగా ఉంది.

మంగాపురం సర్వర్లు | మంగళవారం, ఉదయం 7:40

దొరికింది. అది ఐపీవీ6 అడ్రస్. మీ కొత్త వీపీఎస్‌ది కాదు, పాత సర్వర్‌ది.

ఒక డొమైన్‌కు రెండు రకాల చిరునామాలు ఉండొచ్చు. 'ఏ' (A) రికార్డ్‌లో ఐపీవీ4, 'ఏఏఏఏ' (AAAA) రికార్డ్‌లో ఐపీవీ6. మీరు 'ఏ' (A) రికార్డ్ మాత్రమే మార్చారు. ఏఏఏఏ రికార్డ్ పాత సర్వర్ వైపే చూపిస్తోంది. ఇల్లు మారాక ముందు వీధి వాళ్ళకు కొత్త అడ్రస్ చెప్పి, వెనక వీధిలో పాత బోర్డు అలాగే వదిలేసినట్టు.

జియో 2016లో సేవలు మొదలుపెట్టినప్పటి నుంచీ ఐపీవీ6ను పెద్ద ఎత్తున వాడుతోంది. ఫోన్‌కు రెండు చిరునామాలూ దొరికితే మామూలుగా ముందు ఐపీవీ6 వైపే వెళుతుంది. అక్కడ పాత సర్వర్ జవాబిస్తోంది, తన సర్టిఫికెట్ చూపిస్తోంది, పేరు కలవక బ్రౌజర్ భయపెడుతోంది. మీ ఆఫీసు లైన్‌లో ఐపీవీ6 లేదు, అందుకే మీకు అంతా బాగున్నట్టు కనిపించింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్‌ది కూడా అదే దారి. ఏఏఏఏ ఉంటే ముందు అటే వెళుతుంది. కనెక్షనే కుదరకపోతే ఐపీవీ4లో మళ్ళీ ప్రయత్నిస్తుంది గానీ, అవతల సర్వర్ పలికి 404 అంటే ఇక అంతే, ఫెయిల్. మీ రెండు సమస్యలకూ కారణం ఇదొక్కటే.

ఆ రికార్డ్ తీసేయండి.

అలిపిరి మెట్లు | మంగళవారం, ఉదయం 8:02

అక్కా, అదే చిక్కు. పానెల్‌లో జోన్ ఎడిటర్ (డీఎన్ఎస్ రికార్డులు మార్చే పేజీ) తెరిచి వరుసగా చూశాను. ఏఏఏఏ అనేదే లేదు!

మంగాపురం సర్వర్లు | మంగళవారం, ఉదయం 8:10

ఆ డొమైన్ నేమ్‌సర్వర్లు (డీఎన్ఎస్ రికార్డులు లోకానికి చెప్పే సర్వర్లు) ఎవరివి? మీ వీపీఎస్‌వా, డొమైన్ కొన్న చోటివా?

అలిపిరి మెట్లు | మంగళవారం, ఉదయం 8:26

డొమైన్ కొన్న కంపెనీవే. 'ఏ' (A) రికార్డ్ మార్చమని లాడ్జీ ఓనర్ అల్లుడికి చెబితే, అక్కడ ఆయనే మార్చాడు.

మంగాపురం సర్వర్లు | మంగళవారం, ఉదయం 8:44

అయితే మీ పానెల్‌లోని జోన్ ఎడిటర్‌కు ఈ డొమైన్ విషయంలో ఏ విలువా లేదు. అందులో ఏం రాసినా ప్రపంచం చదవదు. నేమ్‌సర్వర్లు ఎక్కడుంటే అక్కడి రికార్డులే చెల్లుతాయి. నాకు పానెళ్ళ మీద కోపం వచ్చేది ఇక్కడే. "ఈ డొమైన్ నేమ్‌సర్వర్లు నావి కావు, ఇక్కడ మార్చినా ఉపయోగం లేదు" అని ఆ పేజీ పైన ఒక్క లైను రాస్తే ఎంతమందికి ఎన్ని గంటలు మిగులుతాయి! రాయవు చాలా పానెళ్ళు. సేవ్ నొక్కితే "విజయవంతంగా మారింది" అంటాయి.

నిజంగా ఏముందో చూడాలంటే విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్‌ఎస్‌లుకప్‌కు టైప్ ఏఏఏఏ అని ఇచ్చి డొమైన్ పేరు కొట్టండి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్న పేరుకూ విడిగా చూడండి, దానికి వేరే రికార్డ్ ఉండొచ్చు. ఆ తర్వాత డొమైన్ అకౌంట్‌లోకి వెళ్ళి తీయించండి.

శ్రీకాళహస్తి కలంకారీ | మంగళవారం, ఉదయం 9:30

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా కలంకారీ చీరల షాపు సైట్ వర్డ్‌ప్రెస్‌లో ఉంది. కొత్త ఫొటోలు ఎక్కడం లేదు, డిస్క్ నిండింది అంటోంది. పానెల్‌లో చూస్తే సగం కూడా వాడలేదు. ఇంకా పెద్ద ప్లాన్ కొనమంటున్నారు. కొనాలా?

రేణిగుంట జంక్షన్ | మంగళవారం, ఉదయం 10:05

ఇప్పుడే కొనకండి అక్కా. పానెల్‌లో డిస్క్ స్పేస్ కింద "ఐనోడ్స్" లేదా "ఫైల్ కౌంట్" అని ఇంకో గీత ఉంటుంది, చూడండి. స్పేస్ వేరు, ఫైళ్ళ సంఖ్య వేరు. షేర్డ్ ప్లాన్లలో రెండిటికీ హద్దు ఉంటుంది. వర్డ్‌ప్రెస్ కాష్ ప్లగిన్లు చిన్న చిన్న ఫైళ్ళు వేలకు వేలు పోగేస్తాయి. ఒక్కో ఫొటోకు కూడా వర్డ్‌ప్రెస్ నాలుగైదు సైజుల్లో కాపీలు చేస్తుంది, చీరల షాపులో ఫొటోలెన్నో మీకే తెలుసు. కాష్ ప్లగిన్ సెట్టింగ్స్ నుంచే కాష్ ఖాళీ చేయండి. ఫైల్ మేనేజర్‌లో మెయిల్ ఫోల్డర్ మాత్రం ముట్టుకోవద్దు, ఆర్డర్ల మెయిళ్ళు అందులోనే ఉంటాయి.

చిత్తూరు తోతాపురి | మంగళవారం, మధ్యాహ్నం 12:50

నాదీ సర్వర్ మార్చిన కథే. చిత్తూరులో మామిడి గుజ్జు యూనిట్‌లో ఐటీ పని చూస్తాను. కొత్త వీపీఎస్‌కు వచ్చినప్పటి నుంచి కొనుగోలుదారులకు మేము పంపే కొటేషన్లు స్పామ్‌లో పడుతున్నాయి, జీమెయిల్ అడ్రస్‌లకైతే కొన్ని వెనక్కి వస్తున్నాయి. పానెల్‌లో మెయిల్ పేజీ మొత్తం పచ్చగానే ఉంది. గుజ్జు వ్యాపారం నమ్మకం మీద నడుస్తుంది. బయటి దేశంలో ఉన్న మనిషికి మా కాగితం అందకపోతే ఇంకో యూనిట్‌ను అడుగుతాడు. సీజన్‌లో తోతాపురి కాయ యార్డులో ఆగదు, రైతుకు డబ్బు ఆగకూడదు. ఇది చిన్న విషయం కాదు మాకు.

మంగాపురం సర్వర్లు | మంగళవారం, మధ్యాహ్నం 2:15

తోతాపురి గారూ, వెనక్కి వచ్చిన మెయిల్ కింది భాగంలో కారణం ఇంగ్లిష్‌లో రాసి ఉంటుంది, అది పూర్తిగా చదవండి. నా అనుమానాలు మూడు.

మొదటిది పీటీఆర్. ఐపీ నుంచి పేరుకు తిరిగి వెళ్ళే రికార్డ్ అది. పానెల్‌లో ఎంత వెతికినా పెట్టలేరు. ఐపీ ఎవరి సొంతమో వాళ్ళ దగ్గరే, అంటే వీపీఎస్ అమ్మినవాళ్ళ దగ్గరే పెట్టించాలి. ఆ పేరు మళ్ళీ అదే ఐపీకి తిరిగి రావాలి.

రెండోది ఎస్పీఎఫ్. మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పే రికార్డ్ అది. ఒక డొమైన్‌కు ఎస్పీఎఫ్ రికార్డ్ ఒక్కటే ఉండాలి. సర్వర్ మారినప్పుడు పాతది ఉంచి కొత్తది పక్కన చేరుస్తారు చాలామంది. రెండుంటే రెండూ చెల్లవు. ఒకే లైనులో కలపాలి.

మూడోది డీకిమ్. మెయిల్ మీదే అని చూపే డిజిటల్ సంతకం అది. కొత్త పానెల్ కొత్త తాళంచెవి తయారు చేసుకుంటుంది. దాని పబ్లిక్ భాగం మీ నేమ్‌సర్వర్లు ఉన్న చోట పెట్టకపోతే సంతకం సరిపోదు. పైన అలిపిరి గారి కథే ఇది కూడా, పానెల్ తన జోన్‌లో రాసుకుని తృప్తి పడుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ ఈ విషయంలో చాలా కఠినంగా ఉన్నాయి. పంపేవాళ్ళు ఎవరైనా ఎస్పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాలి. రోజుకు ఐదు వేలకు పైగా పంపేవాళ్ళకు రెండూ ఉండాలి, డీమార్క్ (ఆ పరీక్షలు తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే రికార్డ్) కూడా.

తిలక్ రోడ్ వెబ్ | మంగళవారం, సాయంత్రం 4:30

ఇన్ని తిప్పలు ఉచిత పానెళ్ళతోనే కదా. డబ్బు పెట్టి సీపానెల్ తీసుకుంటే పోదా?

కట్టమంచి నెట్ | మంగళవారం, సాయంత్రం 5:10

సీపానెల్ బాగుంటుంది అన్నా, కాదనను. కానీ 2019లో వాళ్ళు సర్వర్‌కు ఇంత అని కాకుండా అకౌంట్ల సంఖ్యను బట్టి లైసెన్స్ ధర పెట్టారు. ఆ తర్వాత కూడా పెంచుతూ వచ్చారు. ఏడాదికి రెండు మూడు వేలు ఇచ్చే కస్టమర్లు మనవాళ్ళు. కూరగాయల మార్కెట్ దగ్గరి షాపు, కాణిపాకం దారిలో కల్యాణ మండపం. డాలర్లలో లైసెన్స్ కట్టి వాళ్ళ దగ్గర ఎంత వసూలు చేయాలి? అందుకే నేను హెస్టియాకు మారాను. అది వెస్టా నుంచి విడిపోయి వచ్చిన పానెల్, ఉచితం, బరువు తక్కువ.

రేణిగుంట జంక్షన్ | మంగళవారం, సాయంత్రం 5:45

ఉచితం తీసుకోవడం తప్పు కాదు, తీసుకుని మరిచిపోవడం ప్రమాదం. 2024 అక్టోబర్‌లో సైబర్‌పానెల్‌లో పెద్ద లోపం బయటపడింది. పాస్‌వర్డ్ లేకుండానే బయటివాళ్ళు రూట్ స్థాయిలో కమాండ్లు నడిపించగలిగారు. ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న సర్వర్లు ఇరవై వేలకు పైగా అని అప్పట్లో లెక్క తేలింది. పీఎస్ఏయూఎక్స్ అనే ర్యాన్సమ్‌వేర్ వచ్చి ఫైళ్ళకు తాళాలు వేసేసింది. వెస్టాకు 2018లో ఇలాంటి దెబ్బే తగిలింది.

అందుకే పానెల్ పోర్టును లోకమంతటికీ తెరిచి పెట్టకూడదు. సైబర్‌పానెల్‌కు 8090, హెస్టియాకు 8083, డబ్ల్యూహెచ్ఎంకు (సీపానెల్‌లో సర్వర్ యజమాని వాడే భాగం) 2087, ప్లెస్క్ అనే పానెల్‌కు 8443. ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు మూసేసి, ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ ద్వారానో వీపీఎన్ ద్వారానో వెళ్ళండి. మన ఇళ్ళ బ్రాడ్‌బ్యాండ్‌లో ఐపీ మారుతూ ఉంటుంది కాబట్టి "నా ఐపీకి మాత్రమే" అనే నియమం ఒక్కటే పెట్టుకుంటే రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేసిన రోజు మనమే బయట ఉంటాం.

సెంట్ఓఎస్ 7 అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఇంకా పానెల్ నడుపుతున్నవాళ్ళుంటే వినండి. దాని గడువు 2024 జూన్ 30తో ముగిసింది. ఆల్మా లైనక్స్‌కో రాకీకో మారిపోండి.

అలిపిరి మెట్లు | మంగళవారం, రాత్రి 8:55

డొమైన్ అకౌంట్‌లోకి ఇప్పుడే వెళ్ళగలిగాం. అది ఒక పెద్ద కథ. డొమైన్ కొన్నది మొదట సైట్ చేసిన డిజైనర్, తన మెయిల్ పేరు మీదే. ఆయన ఇప్పుడు ఊళ్ళో లేడు. ఓనర్ అల్లుడి దగ్గర పాస్‌వర్డ్ ఉన్నా, ఓటీపీ ఆ డిజైనర్ నంబర్‌కు వెళుతుంది. ఆయనకు ఫోన్ చేసి, ఓటీపీ చెప్పించుకుని, లాగిన్ అయ్యాం. ఏఏఏఏ రికార్డ్ కళ్ళెదుటే ఉంది. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూకు కూడా వేరే ఒకటి ఉంది, అక్క చెప్పినట్టే. పాత హోస్టింగ్ వాళ్ళు అప్పట్లో ఇచ్చిన రికార్డుల జాబితాలోంచి పెట్టారట. రెండూ తీసేశాం. టీటీఎల్ 14400 అని ఉంది.

ఇప్పుడు రెన్యూ నొక్కనా?

మంగాపురం సర్వర్లు | మంగళవారం, రాత్రి 9:10

14400 సెకన్లు అంటే నాలుగు గంటలు. జనం ఫోన్లకు జవాబిచ్చే డీఎన్ఎస్ సర్వర్లు అంతవరకు పాత జవాబునే గుర్తుంచుకోవచ్చు. రాత్రికి వదిలేయండి, పొద్దున నొక్కండి.

ఈలోగా ఇంకో పని. అదే అకౌంట్‌లో డొమైన్ కాంటాక్ట్ మెయిల్, ఫోన్ లాడ్జీ ఓనర్ పేరు మీదకు మార్పించండి. డిజైనర్ మంచివాడు కాబట్టి ఓటీపీ చెప్పాడు. రేపు ఆ నంబర్ మారిపోతే డొమైన్ గడువు తీరినా రెన్యూ చేసుకునే దారి ఉండదు. డొమైన్ ఎప్పుడూ వ్యాపారం యజమాని పేరు మీదే ఉండాలి, డిజైనర్ పేరు మీద కాదు. మన ఊళ్ళలో ఈ అలవాటు వల్ల పోయిన డొమైన్లను చాలా చూశాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

శ్రీకాళహస్తి కలంకారీ | బుధవారం, ఉదయం 6:50

రేణిగుంట తమ్ముడూ, ఐనోడ్స్ గీత నిజంగానే పూర్తిగా నిండి ఉంది. కాష్ ఖాళీ చేయగానే సగానికి దిగింది. ఫొటోలు ఎక్కుతున్నాయి. పెద్ద ప్లాన్ డబ్బు మిగిలింది, చాలా సంతోషం.

అలిపిరి మెట్లు | బుధవారం, ఉదయం 7:35

రెన్యూ అయింది! జియోలో చూశాను, ఓనర్ చూశారు, ఇద్దరికీ తాళం గుర్తే. అక్కకు, రేణిగుంట అన్నకు, అందరికీ చాలా చాలా థాంక్స్. డొమైన్ కాంటాక్ట్ మార్చే పని కూడా మొదలైంది.

మిగతా సైట్లన్నిటికీ ఎన్‌ఎస్‌లుకప్ కొట్టి చూస్తే ఇంకొన్నిటికి కూడా పాత ఏఏఏఏ ఉంది. వాటి సర్టిఫికెట్ల రెన్యూవల్ తేదీ ఇంకా రాలేదు, అందుకే పానెల్ నుంచి మెయిల్ రాలేదు. ఎవరూ ఫిర్యాదు చేయలేదు గానీ, ఇన్నాళ్ళూ ఎంతమంది ఆ హెచ్చరిక చూసి వెనక్కి పోయారో. ఇవాళే తీస్తున్నాను.

ఒక్క ప్రశ్న. కొత్త వీపీఎస్‌కు ఐపీవీ6 అడ్రస్ ఇచ్చారు. దాన్ని ఏఏఏఏలో పెట్టాలా, ఖాళీగా వదిలేయాలా?

చిత్తూరు తోతాపురి | బుధవారం, ఉదయం 9:20

మాకు ఎస్పీఎఫ్ రెండు దొరికాయి. ఒకటిగా కలిపాం. పీటీఆర్ కోసం టికెట్ వేశాం. జీమెయిల్‌కు పంపిన టెస్ట్ మెయిల్ ఈసారి ఇన్‌బాక్స్‌లోకే వెళ్ళింది. డీకిమ్ ఇవాళ చూస్తాను.

మంగాపురం సర్వర్లు | బుధవారం, ఉదయం 10:00

అలిపిరి గారూ, పెట్టడమే మంచిది, కానీ ముందు చూసుకుని. వెబ్ సర్వర్ ఐపీవీ6 మీద కూడా 80, 443 వింటోందా, ఫైర్‌వాల్‌లో ఐపీవీ6 నియమాలు విడిగా ఉన్నాయా చూడండి. కొన్ని పానెళ్ళు ఐపీవీ4కే సెట్ చేసి ఊరుకుంటాయి. బయట ఐపీవీ6 ఉన్న మెషీన్ నుంచి కర్ల్ కమాండ్‌కు మైనస్ 6 ఇచ్చి, ఆ అడ్రస్ నుంచి మీ సైట్, మీ సర్టిఫికెట్ వస్తున్నాయని తేలాకే రికార్డ్ చేర్చండి. చేర్చేటప్పుడు టీటీఎల్ 300 పెట్టండి, తేడా వస్తే అయిదు నిమిషాల్లో వెనక్కి తీసుకోవచ్చు. బ్రహ్మోత్సవాలు అయ్యేదాకా మాత్రం ఆగండి, ఇప్పుడున్నది కదపొద్దు.

అలిపిరి మెట్లు | బుధవారం, ఉదయం 10:12

అలాగే అక్కా. ఉత్సవాలయ్యాక పెడతాను, ఏదైనా తేడా వస్తే ఇక్కడే రాస్తాను.